మన పత్తి గింజ మన చేతికి రావాలి

రోహిణి కార్తె వచ్చిందంటే పత్తి వేసే ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట. ఏ కంపెనీ ప్యాకెట్ తెచ్చావు, ఎంతకు తెచ్చావు, ఎమ్మార్పీకే ఇచ్చాడా, పైన ఎంత అడిగాడు. నీ చేను ఎర్ర చెల్కా, నల్లరేగడా, ఆ నేలకు ఏ పత్తి సరిపోతుంది అని అడిగేవాళ్లు తగ్గిపోయారు. దుకాణంలో ఏ బొమ్మ ఉన్న ప్యాకెట్ దొరికితే అదే మన పంట. అందుకే ఈ నెల సంపాదకీయంలో ప్యాకెట్‌ను కాసేపు పక్కన పెట్టి, పత్తి మొక్క గురించి, అందులోనూ ఈ నేల మీదే పుట్టి పెరిగిన దేశీ పత్తి గురించి మాట్లాడదలిచాం. ఇది పాత రోజుల ముచ్చట కాదు. వర్షాధారంగా బతికే రైతు ఏటా విత్తనానికి, మందుకు ఎంత కట్టాలో ఈ ప్రశ్నే తేలుస్తుంది.

పత్తిది మందార కుటుంబం. బెండ, గోంగూర, పెరట్లో పూసే మందార అన్నీ దానికి దాయాదులే. బెండపువ్వును, దేశీ పత్తి పువ్వును పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పోలిక ఎవరికైనా తెలుస్తుంది. రెండూ పసుపే, రెండింటి అడుగునా ముదురు ఎరుపు మచ్చే. స్వభావరీత్యా పత్తి ఏడాదికి చచ్చే పంట కాదు. వదిలేస్తే ఏళ్ల తరబడి నిలిచి పూసే పొద. మనిషే దాన్ని లొంగదీసి ఆరేడు నెలల పంటగా మార్చుకున్నాడు. ఈ జాతిలో దాదాపు 50 రకాల మొక్కలున్నా, మనిషి నూలు వడుకుతున్నది నాలుగింటి నుంచే. వాటిలో రెండు తరతరాలుగా మన పొలాల్లో ఉన్నవి. శాస్త్రజ్ఞులు వాటిని ఆర్బోరియం, హెర్బేసియం అంటారు. మిగిలిన రెండు, హిర్సూటం, బార్బడెన్స్, అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ఇవాళ మనం వేస్తున్న బీటీ పత్తి దాదాపు మొత్తం హిర్సూటమే.

ఈ తేడా పేర్లకే పరిమితం కాదు. దేశీ పత్తి కణంలో 26 క్రోమోజోములుంటే అమెరికా పత్తిలో 52 ఉంటాయి. అందుకే ఆ రెండూ పక్కపక్క చేలల్లో ఉన్నా మామూలుగా ఒకదానితో ఒకటి సంకరం కావు. పక్క చేలో బీటీ ఉన్నా మన దేశీ గింజ చెడదని దీని అర్థం. విత్తనం దాచుకునే రైతుకు ఇది చాలా పెద్ద విషయం. ఇక చేలో గుర్తుపట్టడం సులువు. దేశీ పత్తి ఆకు లోతుగా చీలి, వేళ్లు విప్పిన చెయ్యిలా సన్నగా ఉంటుంది. కాయ చిన్నది, తల కిందికి వంచి వేలాడుతుంది. అమెరికా పత్తి ఆకు వెడల్పు. పువ్వు మొదటి రోజు మీగడ తెలుపు, మర్నాటికి గులాబీ రంగు.

ఈ ఉపఖండంలో పత్తి నూలుకు ఎంత వయసుందంటే, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో రాగి పూసలో ఇరుక్కుపోయిన పత్తి దారం దొరికింది. అది ఏడు వేల ఏళ్ల పైనాటిదని అంచనా. ఢాకా మస్లిన్ నేసింది మేఘనా నది ఒడ్డున పండిన దేశీ పత్తితోనే. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామంటే, దేశీ పత్తి మీద వందేళ్లకు పైగా మోపుతున్న నేరం ఒక్కటే: పింజ పొట్టిది, సన్న నూలుకు పనికిరాదు. ప్రపంచం అబ్బురపడిన అంత సన్నటి బట్ట ఆ పొట్టి పింజతోనే నేశారు. అది చేతి రాట్నానికి లొంగింది, మాంచెస్టర్ యంత్రానికి లొంగలేదు. యంత్రాన్ని మార్చాల్సిన చోట పంటను మార్చమన్నారు. 1840లో ఈస్టిండియా కంపెనీ అమెరికా నుంచి పత్తి తోటల వాళ్లను రప్పించి మరీ వాళ్ల పత్తిని మన నేలలో వేయించాలని చూసింది. ఆ ప్రయత్నం చాలాచోట్ల ఫలించలేదు. మన వర్షానికి, మన పురుగుకు ఆ మొక్క తట్టుకోలేకపోయింది.

తెలుగు నేల మీద దేశీ పత్తికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరు, ఒక్కో తీరు. కర్నూలు, అనంతపురం ఎర్రనేలల్లో తొలకరికే వేసే ముంగారి పత్తి. నంద్యాల నల్లరేగడిలో కొర్ర సాళ్ల మధ్య పత్తి. కొర్ర ముందు కోతకొచ్చి ఇంటికి గింజలు, గొడ్డుకు మేత ఇచ్చేది, ఆ తర్వాత పత్తి నిదానంగా కాసేది. ఆదిలాబాద్, నాందేడ్ వైపు గౌరాణి పత్తి, దేశీ పత్తుల్లో మంచి పింజ ఉన్నదిగా దానికి పేరు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పండిన ఇటుక రంగు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కేది. ఆ రేవు పేరు మీదే విదేశీ మార్కెట్లో దానికి 'కొకనాడ' పత్తి అని పేరొచ్చింది. రంగు అద్దకుండానే రంగున్న దూది అది. ఇవన్నీ గొర్రుతో విత్తిన పంటలు. ఎకరానికి నాలుగైదు కిలోల గింజ పట్టేది. ఆ గింజ కొన్నది కాదు, ఇంట్లోనే దూది తీసి, పేడనీళ్లలో రుద్ది ఆరబెట్టి దాచుకున్నది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలోని పత్తి సాగులో నూటికి 90 పాళ్లకు పైగా దేశీ పత్తే. దేశ విభజనతో సింధ్, పశ్చిమ పంజాబ్‌ల పొడుగు పింజ పొలాలు అటు పోయాయి, మిల్లులు ఇటు మిగిలాయి. ఆ మిల్లుల కోసం ప్రభుత్వమే అమెరికా పత్తిని ముందుకు తెచ్చింది. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రం నుంచి హెచ్-4 వచ్చింది. వాణిజ్య సాగుకు వచ్చిన తొలి పత్తి హైబ్రిడ్ ప్రపంచంలో అదే. వెనకే కర్ణాటక నుంచి వరలక్ష్మి వచ్చింది. మన కోస్తా నల్లరేగళ్లు వాటితో నిండిపోయాయి. దిగుబడి పెరిగిన మాట నిజమే, దాన్ని మేం కాదనడం లేదు. దాంతోపాటే ఎరువు, మందు, అప్పు పెరిగాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో, 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుల మందు తాగి చనిపోయిన రోజులు మన సంఘంలో పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, తెల్లదోమ: ఒక్కో దశలో ఒక్కోటి విజృంభించింది, ప్రతిసారీ ఇంకో మందు డబ్బా వచ్చింది.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. ఇక మందే అక్కర్లేదన్నారు. మొదటి కొన్నేళ్లు శనగపచ్చ పురుగు తగ్గింది. మందు కొట్టడం తగ్గిందని మన సభ్యులే చెప్పారు, అదీ నిజమే. కానీ తొలి మూడు బీటీ హైబ్రిడ్లు మన వర్షాధార నేలల్లో సరిగా కాయకపోవడంతో 2005లో కేంద్ర కమిటీయే ఆంధ్రప్రదేశ్‌లో వాటికి అనుమతి కొనసాగించలేదు. ఒక్క ప్యాకెట్ 1,600 రూపాయలు దాటి, అందులో సింహభాగం రాయల్టీగా పోతుంటే రైతు సంఘాలు రోడ్డెక్కాయి. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. 2006లో 450 గ్రాముల ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తన ధరల మీద రాష్ట్రం చట్టమే చేసింది. ఆ పోరాటం మనకు గర్వకారణం. అది గెలవకపోతే ఇవాళ ప్యాకెట్ ఎక్కడుండేదో ఎవరైనా ఊహించుకోవచ్చు.

అయితే ధర మీద గెలిచాం గానీ గింజ మీద కాదు. 2015 చివర్లో కేంద్రం ధరల నియంత్రణను తన చేతిలోకి తీసుకుంది. 2020లో రాయల్టీని పూర్తిగా సున్నా చేసింది. రాయల్టీ పోయిన ఆ ఏడాది బోల్‌గార్డ్-2 ప్యాకెట్ 730 రూపాయలు. 2025లో 901. రాయల్టీ పైసా లేకపోయినా ఐదేళ్లలో 171 రూపాయలు పెరిగింది. తెలంగాణలో ఏటా 45 లక్షల ఎకరాలకు అటూఇటూగా పత్తి వేస్తున్నారు. ఎకరానికి రెండు ప్యాకెట్లే అనుకున్నా, ఒక్క రాష్ట్రం నుంచి ఒక్క సీజన్‌లో విత్తనానికే 800 కోట్లు పోతున్నాయి. మొలక రాక రెండోసారి విత్తితే ఆ లెక్క వేరు. బ్లాకులో కొన్నదీ, గడ్డిమందును తట్టుకుంటుందని అనుమతి లేకుండా సంచుల్లో అమ్మే లూజు గింజా ఈ లెక్కలోకి రావు.

మరి ఆ గింజను తయారు చేస్తున్నదెవరు? గద్వాల నడిగడ్డలో, నంద్యాల, కర్నూలు పల్లెల్లో మన రైతులు, మన కూలీలే. సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి పుప్పొడి రాసేది మన ఆడవాళ్లు, సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే చాలాచోట్ల మన పిల్లలు కూడా. తీరా పంట అప్పజెప్పాక జీఓటీ పరీక్షలో ఫెయిలైందని చెప్పి డబ్బు ఎగ్గొట్టడం, నెలల తరబడి తిప్పించుకోవడం ఆ ప్రాంతంలో ఏటా ఉన్న గొడవే. గింజ తయారు చేయడం చేతనైన రైతు తన చేలో వేసే గింజను మాత్రం కొనుక్కోవాలి. ఎందుకంటే అది హైబ్రిడ్. దాచి మళ్లీ వేస్తే తల్లి గుణం ఒక మొక్కకు, తండ్రి గుణం ఇంకో మొక్కకు పోతుంది. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్, చైనాల్లో కూడా బీటీ ఉంది, కానీ అక్కడ ప్రధానంగా సూటి రకాలే వేస్తారు. పొలం నిండా హైబ్రిడ్ పత్తే వేసే పెద్ద దేశం మనదొక్కటే. ఇది శాస్త్రం చెప్పిన దారి కాదు, వ్యాపారానికి అనువైన దారి.

గులాబీ రంగు పురుగు సంగతి ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదటి బీటీని తట్టుకున్న పురుగు గుజరాత్‌లోని అమ్రేలిలో దొరికిందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. మరో నాలుగైదేళ్లకు రెండో బీటీ కూడా దానికి లెక్కలేకుండా పోయింది. దేశంలో దూది దిగుబడి 2007-08లో హెక్టారుకు 550 కిలోలు దాటింది. ఇటీవలి సంవత్సరాల్లో 450 కిలోల దగ్గర కొట్టుకుంటోంది. నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా చేసిన కేశవ్ క్రాంతి, అమెరికా పరిశోధకుడు గ్లెన్ స్టోన్‌తో కలిసి 2020లో ప్రచురించిన పరిశోధనలో ఇరవై ఏళ్ల లెక్కలు తీశారు. బీటీ రాకముందు కంటే ఇప్పుడు రైతు పురుగుమందులకు ఎక్కువ ఖర్చు పెడుతున్నాడని తేల్చారు. ఈ మాట మనం సభల్లో చెబితే రాజకీయం అన్నారు. పత్తి పరిశోధనలోనే జీవితం గడిపినవాళ్లు చెప్పాక ఏమంటారో చూడాలి.

ఇప్పుడు దేశీ పత్తి దగ్గరికి వద్దాం. అది చేసే మేలేమిటి? వేరు లోతుకు పోతుంది, కాబట్టి వాన ఇరవై రోజులు ముఖం చాటేసినా మొక్క నిలబడుతుంది. పచ్చదోమ, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగులను చాలావరకు ఓర్చుకుంటుంది. ఉత్తరాదిని పీడించే ఆకుముడత వైరస్ దేశీ పత్తికి సోకదు. 2015లో తెల్లదోమతో పంజాబ్‌లో బీటీ పత్తి కుప్పకూలినప్పుడు దేశీ పత్తి వేసిన కొద్దిమంది పొలాలు ఆ దెబ్బ తప్పించుకున్నాయి. ఎరువు ఎక్కువ అడగదు. అన్నిటికంటే ముఖ్యం, గింజ మనదే.

చేయలేనిది కూడా చెప్పాలి. చెప్పకపోతే మనమూ ప్యాకెట్ మీద బొమ్మ వేసి అమ్మేవాళ్లలాగే అవుతాం. దేశీ పత్తి కాయ బరువు రెండు మూడు గ్రాములే, బీటీ కాయలో సగం. పగిలిన కాయ దూదిని గట్టిగా పట్టి ఉంచదు, ఆలస్యం చేస్తే నేల రాలుతుంది. అందుకని ఎక్కువసార్లు ఏరాలి. ఏరే కూలీ కిలో లెక్కన ఉంటే చిన్న కాయకు ఎవరూ రారు, రోజు కూలీ అయితే రైతుకు గిట్టదు. కూలీల కోసం పక్క జిల్లాల నుంచి ఆటోలు కట్టించుకుంటున్న ఈ రోజుల్లో ఇది చిన్న అడ్డంకి కాదు. కాయతొలుచు పురుగులు దేశీ పత్తికీ వస్తాయి. తొందరగా కాసి ముగిస్తే కొంత తప్పించుకుంటుంది, అంతేగానీ పురుగే రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నీటి వసతి ఉండి, మంచి నల్లరేగడిలో ఎకరానికి పది పన్నెండు క్వింటాళ్లు తీస్తున్న రైతును దేశీ పత్తికి మారమని మేం చెప్పడం లేదు. బోరు లేని చెల్కలో, గరుపు నేలలో, గుట్ట వాలులో బీటీ వేసి, అప్పు చేసి, మూడు నాలుగు క్వింటాళ్లతో సరిపెట్టుకుంటున్న రైతు గురించే మా బాధ. కౌలు కూడా కట్టే రైతైతే ఇంకా చెప్పనే అక్కర్లేదు. అతనికి కావలసింది ఎక్కువ పండే పత్తి కాదు, తక్కువ ముంచే పత్తి.

అలాంటి రైతు ఇవాళ దేశీ పత్తి వేద్దామనుకుంటే ఏమవుతుంది? మొదట గింజ దొరకదు. నంద్యాల, ముధోల్ పరిశోధనా కేంద్రాల నుంచి యాగంటి, శ్రీశైలం, అరవింద లాంటి దేశీ రకాలు వచ్చాయి. వాటి పేర్లు ఎన్ని రైతు భరోసా కేంద్రాల్లో, ఎన్ని రైతు వేదికల్లో వినిపించాయి? మహారాష్ట్రలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం దేశీ పత్తిలోనే పొడుగు పింజ రకాలు తీసింది. పీఏ-255, పీఏ-402 లాంటి వాటి పింజ మిల్లు అడిగే పొడవుకు దగ్గరగా వచ్చింది. అంటే పొట్టి పింజ అన్న పాత నేరం కూడా తీర్చలేనిది కాదని మన విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులే చూపించారు. రకం తీయడం వరకే వాళ్ల పని, గింజ పెంచి ఊరికి చేర్చడం ప్రభుత్వ పని. అక్కడే తాడు తెగింది. ప్రైవేటు కంపెనీ ఈ పని చేయదు. ఒకసారి అమ్మితే మళ్లీ కొనని గింజను ఏ వ్యాపారి అమ్ముతాడు?

గింజ దొరికి పండించినా అమ్మే చోటు లేదు. కేంద్రం ఏటా రెండు మద్దతు ధరలే ప్రకటిస్తుంది. 2025-26కు మధ్యరకం పింజకు క్వింటాలుకు 7,710, పొడుగు పింజకు 8,110 రూపాయలు. మిగతా రకాల ధరలు వీటిని బట్టి విడిగా నిర్ణయిస్తారు, అవి రైతు చెవిన పడవు. మన మార్కెట్ యార్డుకు ఒక రైతు నాలుగు క్వింటాళ్ల దేశీ పత్తి తీసుకెళ్తే దాన్ని విడిగా కొనేవాడు లేడు. బీటీలో కలిపేసి, పింజ పొట్టిదని, రంగు తేడా అని కోత పెట్టడమే జరుగుతుంది. విడిగా పట్టడానికి జిన్నింగ్ మిల్లుకు నాలుగు క్వింటాళ్లు ఒక మూలకు రావు. ఇదే దూది సర్జికల్ కాటన్‌కు, పరుపులకు, దళసరి నూలుకు కావాలని కొనే పరిశ్రమలు దేశంలో ఉన్నాయి. మన యార్డుకూ వాళ్లకూ మధ్య దారే లేదు.

దారి వేసిన చోట ఏమైందో కూడా చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేటికీ కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తితోనే సన్న ఖాదీ నేస్తున్నారు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేతి రాట్నం మీద వడికే ఆ నూలుకు దేశమంతా పేరుంది. ఆ పేరు బట్టకు వచ్చింది గానీ పత్తి పండించే రైతుకు రాలేదు. బట్టను సభల్లో కప్పుకునే నాయకులు ఆ పత్తి వేసే రైతు క్వింటాలు ఎంతకు అమ్ముకుంటున్నాడో ఎన్నడైనా అడిగారా? గుజరాత్‌లోని కచ్‌లో 'కాలా' పత్తి అనే దేశీ రకం నీళ్లు, మందులు లేకుండా పండుతుంది. అక్కడ ఖమీర్ అనే సంస్థ రైతును, వడికేవాళ్లను, నేతగాళ్లను ఒక గొలుసులో కలపడంతో మూలన పడ్డ పత్తికి మళ్లీ గిరాకీ వచ్చింది. మన దగ్గర ఉజ్రమ్మ గారు మొదలుపెట్టిన మల్కా ప్రయత్నం ఇంకో సంగతి చూపించింది. దూదిని బేళ్లుగా బిగించి దూరాలకు మోయకుండా ఊరి దగ్గరే చిన్న యంత్రాలతో వడికితే పింజ బలం చెడదు, రైతుకూ నేతగాడికీ మధ్య దళారులు తగ్గుతారు. ఇవి చిన్న ప్రయత్నాలే. లక్షల ఎకరాల సమస్యను ఇవే తీర్చేస్తాయని మేం అనుకోవడం లేదు. ప్రభుత్వం తలుచుకుంటే చేయగలిగినదాన్ని కొద్దిమంది మనుషులు చేసి చూపించారు, అంతే.

ప్రభుత్వం ఏం తలుచుకుంటోందో 2025లో చూశాం. అమెరికా మన సరుకుల మీద సుంకాలు పెంచితే, పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి మన కేంద్రం ఎత్తేసింది. ముందు సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన రైతు పత్తి ఏరి మార్కెట్‌కు తెచ్చే నెలలు అవి. విత్తేటప్పుడు కంపెనీ ధర, అమ్మేటప్పుడు పరాయి దేశపు ధర. ఈ రెంటి మధ్య నలిగే రైతుకు పెట్టుబడి తగ్గించుకోవడం ఒక్కటే తన చేతిలో ఉన్న పని. పెట్టుబడిలో మొదటి మెట్టు విత్తనం.

అందుకే మన సంఘం ఈ సీజన్‌లో కొన్ని విషయాలు గట్టిగా అడుగుతోంది. నంద్యాల, ముధోల్ కేంద్రాల్లో ఉన్న దేశీ రకాలను, పర్భణీ పొడుగు పింజ రకాలను రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థలు పెంచి, వర్షాధార మండలాల్లో అడిగిన రైతుకు సబ్సిడీ మీద ఇవ్వాలి. ఒక్క దేశీతో ఆగకూడదు, అమెరికా పత్తిలో కూడా సూటి రకాలు, దగ్గర దగ్గరగా విత్తి తొందరగా ముగించేవి, రైతు గింజ దాచుకోగలిగేవి అందుబాటులోకి తేవాలి. పత్తి ఎక్కువగా వచ్చే ప్రతి జిల్లాలో కనీసం ఒక కొనుగోలు కేంద్రంలో దేశీ పత్తిని విడిగా తూచి, దాని మద్దతు ధరను బోర్డు మీద తెలుగులో రాసి కొనాలి. చిన్న జిన్నింగ్ యంత్రాలను రైతు సహకార సంఘాలకు ఇవ్వాలి. కొర్ర, కంది అంతరపంటగా దేశీ పత్తి వేసిన ఎకరానికి బీమాలో పత్తి ఎకరంతో సమానంగా విలువ కట్టాలి. నష్టపోయిన రోజున 'ఇది నోటిఫై చేసిన పంట కాదు' అన్న మాట మళ్లీ వినడానికి మేం సిద్ధంగా లేము.

ఏరే కష్టం గురించి పైన చెప్పాం. దానికి జవాబు పరిశోధనలోనే ఉంది. దూదిని రాల్చకుండా పట్టి ఉంచే కాయ, కొంచెం పెద్ద కాయ ఉన్న దేశీ రకాల మీద పని జరగాలి. దేశీ పత్తిలో బీటీ లేదు, హైబ్రిడ్ వ్యాపారం లేదు కాబట్టి ప్రైవేటు డబ్బు రాదు. ప్రజల డబ్బే పెట్టాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న శాస్త్రజ్ఞుల పోస్టులు నింపకుండా ఈ మాట మాట్లాడటం దండగ.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. గింజ దాచుకునే, మార్చుకునే, బ్రాండు వేయకుండా అమ్ముకునే హక్కు రైతుకు 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టం 39వ సెక్షన్ కింద ఉంది. ఈ హక్కును కోర్టు పుస్తకాల్లో ఉంచితే తుప్పు పడుతుంది. ఏజెన్సీ మండలాల్లో, ఉత్తరాంధ్ర కొండ ఊళ్లలో, రాయలసీమ ఎర్రనేలల్లో ఇంకా ఎక్కడో ఒకచోట పాత గింజ బతికే ఉంది. కొన్ని ఇళ్లలో దీపపు వత్తుల కోసం పెరట్లో ఒక చెట్టు ఉంటుంది. వాటిలో కొన్ని దేశీవి, కొన్ని కావు. పైన చెప్పిన ఆకు, పువ్వు, కాయ గుర్తులు చూసి తేల్చుకోవచ్చు. అలాంటి గింజ ఉన్న సభ్యులు తమ మండల కమిటీకి చెప్పండి. ఏ ఊరు, ఏ నేల, ఎప్పుడు విత్తుతారు, దూది రంగేమిటి, ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారు అన్నవి రాసి పంపండి. చిన్న గుప్పెడు చాలు.

ఈ ఏడాది ఎవరూ చేను మొత్తం మార్చవద్దు. గింజ దొరికిన రైతులు పది ఇరవై సెంట్లలో వేసి చూడండి. కొర్ర గానీ కంది గానీ కలిపి వేయండి. పక్కనే ఉన్న బీటీకి ఎంత పెట్టారో, దీనికి ఎంత పెట్టారో, ఏరడానికి ఎన్ని కూలీలు పట్టారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. విత్తనం కోసం మొక్కలను పూత దశలోనే గుర్తుపెట్టి గుడ్డ పీలిక కట్టండి. మొదటి, రెండో ఏరులో వచ్చిన మంచి కాయలనే తీసుకోండి. పురుగు తొలిచినవి, చివరి కాయలు వద్దు. మిల్లులో పట్టిస్తే వేరే గింజ కలుస్తుంది, కాబట్టి విత్తనానికి కావలసినంత వరకు చేత్తోనే దూది తీసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి కుండలో ఉంచండి. సంక్రాంతి తర్వాత మండల కమిటీ సమావేశాలకు ఆ నోటు పుస్తకాలు తీసుకురండి. వచ్చే సీజన్‌కు ప్రభుత్వంతో మాట్లాడేటప్పుడు బల్ల మీద పెట్టేది ఆ లెక్కలే.